గచ్చిబౌలి దాకా రోజూ 60 కిలోమీటర్లు: మైలేజీ కంటే ముందు ఎడమకాలిని అడగండి

ఏ కారు కొనాలని అడుగుతూ మీరు చెప్పినదాన్ని ముందు నా మాటల్లో పెట్టుకుంటాను. ఇల్లు ఎల్బీనగర్, ఆఫీసు గచ్చిబౌలి. పోనూ రానూ 60 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు. ఇన్నేళ్లు బైకు మీద తిరిగారు, ఇప్పుడు నడుము ఒప్పుకోవడం లేదు. సెలవు రోజుల్లో మీ ఆవిడ నడుపుతారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని నెలకు రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అన్నీ కలిపి 10 లక్షలు దాటకూడదు. మైలేజీ రావాలి, ఒళ్లు హూనం కాకూడదు. మీ బావగారేమో పాత డీజిల్ కారు కొనమంటున్నారు.

నేను 19 ఏళ్లుగా ఆఫీసు ఉద్యోగులను ఇళ్ల నుంచి తెచ్చి దించే కార్ల బాగోగులు చూస్తున్నాను. ప్రతి బండికీ ఒక పద్దు పుస్తకం ఉండేది: ఇంధనం, టైర్లు, క్లచ్ ప్లేట్లు, చివర్లో డ్రైవరు పెట్టిన సెలవులు. ఆ చివరి గడి మొదట్లో జీతాల లెక్క కోసం గీసుకున్నాను. కొన్నేళ్లకు తిరగేస్తే నడుము నొప్పి, మోకాలి నొప్పి అని సెలవు పెట్టినవాళ్లంతా రెండు మూడు రకాల కార్లు నడిపినవాళ్లేనని తెలిసింది. అవి చిన్న కార్లేమీ కావు. క్లచ్ గట్టిగా ఉన్నవి, సీటు ముందు భాగం పొట్టిగా ఉండి తొడలకు ఆనిక ఇవ్వనివి. అప్పటినుంచి నన్ను ఎవరు కారు గురించి అడిగినా దారి ఎటు, గంటకు ఎంత దూరం కదులుతారు అని అడిగాకే మిగతా మాట.

మీ దారి నాకు బాగా తెలుసు. సాగర్ రింగ్‌రోడ్డు, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, అత్తాపూర్, మెహదీపట్నం, టోలీచౌకి, షేక్‌పేట. ఫ్లైఓవర్లు వచ్చాక మధ్యమధ్యలో కాస్త ఊపిరి ఆడుతోంది గానీ దిగే చోట మళ్లీ అదే ముద్ద. ఉదయం 9 గంటల వేళ ఈ 30 కిలోమీటర్లకు గంటన్నర పడితే సగటు వేగం గంటకు 20. వాన పడిన ఒక ఉదయం మా డ్రైవరు పక్కన కూర్చుని, మెహదీపట్నం రైతుబజార్ దగ్గర నుంచి అతను క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతాడో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూరు దాటాక లెక్క తప్పింది. అప్పటికింకా షేక్‌పేట రాలేదు. అతను మాత్రం కాలు తొక్కుతున్న సంగతే గమనించనట్టు ఫోనులో వచ్చే పాటకు తల ఊపుతున్నాడు. రాత్రికి మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకునేది కూడా అతనే.

అందుకని మీకు నా మొదటి మాట: క్లచ్ లేని కారు కొనండి. ఏ కంపెనీ, ఏ ఇంధనం అన్నది తర్వాత చూద్దాం.

ఇక మైలేజీ. కంపెనీ చెప్పే అంకె అబద్ధమని చాలామంది తిట్టుకుంటారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే కోపం తగ్గుతుంది. కారును ఒక గదిలో రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం 1180 సెకన్లు నడుపుతారు. అంటే 20 నిమిషాల లోపే. దూరం 11 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సగటు వేగం గంటకు 32 చిల్లర, గరిష్ఠ వేగం 90. ఇంతకాలం ఏసీ వేయకుండానే ఈ కొలతలు తీశారు. ఆ గదిలో ఎదురుగాలి లేదు, ఆటో అడ్డం రాదు, ఏప్రిల్ ఎండ కొట్టదు. కాబట్టి వేగన్‌ఆర్ 1.0 మాన్యువల్‌కు 24.35, కొత్త డిజైర్ మాన్యువల్‌కు 24.79 అని రాస్తే, అది ఒక కారును ఇంకో కారుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. మీ బంకు బిల్లు అంచనా వేయడానికి పనికిరాదు. 24 దగ్గర ప్రకటించిన చిన్న పెట్రోల్ కార్లు ఏసీతో, ఈ తరహా ట్రాఫిక్‌లో మా పద్దులో 14కు, 17కు మధ్య తేలాయి. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ. ఆ మేరకు లీటరుకు వచ్చే కిలోమీటర్లు కొద్దిగా తగ్గడం సహజం. మీది కొత్త కారే అయితే దాన్ని తట్టుకునేలాగే తయారవుతుంది, బెంగపడకండి.

ఇప్పుడు కాగితం తీసుకుని ఈ లెక్క మీరే వేయండి. ఆఫీసుకు నెలకు 1320 కిలోమీటర్లు, ఆదివారాలు, ఆస్పత్రి కలిపి ఏడాదికి సుమారు 18,000 అనుకుందాం. పెట్రోల్ లీటరు 107 రూపాయలు అని లెక్కేసుకుందాం. 15 మైలేజీ ఇచ్చే కారుకు ఏడాదికి 1200 లీటర్లు, అంటే 1,28,400 రూపాయలు. 18 ఇచ్చే కారుకు 1000 లీటర్లు, 1,07,000 రూపాయలు. తేడా 21,400. నెలకు 1,800 కూడా కాదు. ఈ మూడు కిలోమీటర్ల మైలేజీ కోసం కారు ధరలో లక్షన్నర ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. అప్పు మీద కొంటే ఇంకా ఎక్కువ. పొదుపైన కారు అంటే ఎక్కువ మైలేజీ ఇచ్చేదే అనుకుని షోరూముకు వెళ్లేవాళ్లు ఈ గుణకారం చేయరు, అమ్మేవాళ్లు చేసి చూపించరు.

కారు కొంటానంటే మెట్రో గురించి చెబుతాడేమిటి అనుకోకండి గానీ, మీ ఇల్లు ఎల్బీనగర్‌లో ఉండటం ఒక వరం. ఎర్ర లైనులో ఎక్కి అమీర్‌పేటలో నీలం లైనుకు మారితే రాయదుర్గం దాకా వెళ్లిపోతారు. అక్కడి నుంచి ఆఫీసుకు ఆటోనో, కంపెనీ బస్సో ఉంటుంది. వారంలో రెండు రోజులు అలా వెళ్తే మీ ఇంధనం ఖర్చులో మూడోవంతుకు పైగా మిగులుతుంది. ఒక చిన్న పెట్రోల్ కారు బదులు ఇంకొకటి కొన్నా అంత మిగలదు. నేను బుధ, శుక్రవారాలు అలాగే చేస్తాను.

మీ బావగారి డీజిల్ సంగతి. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 నిబంధనలు రాకముందు డీజిల్ కారు రోజూ 60 కిలోమీటర్లు తిరిగేవాడికి బంగారం. ఆ తర్వాత వచ్చిన డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఒక జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది ఎప్పటికప్పుడు కాల్చేసుకోవాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా, ఇంజిన్ బాగా వేడెక్కి, హైవే వేగంతో పోవాలి. ఆరాంఘర్ దగ్గర మొదటి గేరులో పాకే బండికి ఆ అవకాశం ఎక్కడిది? మసి నిండుతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది.

నేనే ఒక బండి విషయంలో దెబ్బతిన్నాను. పాత కార్లు అమ్మే ఒక దుకాణంలో కొన్నాం, 42,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండి, అద్దంలా ఉంది. ఊళ్లో తిప్పడం మొదలుపెట్టిన మూడో నెలకు దీపం వెలిగింది. డ్రైవరు చెప్పలేదు, నేను చూడలేదు. ఒకరోజు ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీస్తే, నూనె పైగీత దాటి వేలెడు పైకి ఉంది. ఆయిల్ తగ్గడం చూశాను గానీ పెరగడం అదే మొదటిసారి. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్ పూర్తిగా కాలక, పిస్టన్ల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పలచబడ్డ ఆ ఆయిల్‌తో అలాగే తిప్పి ఉంటే ఇంజినే పోయేది. వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించి జల్లెడ శుభ్రం చేయించాం, ఆయిల్ మార్చాం, రెండు నెలలకు మళ్లీ అదే కథ. చివరికి రోజూ విజయవాడ హైవే మీద తిరిగే ఒకాయనకు ఉన్న సంగతి చెప్పే అమ్మేశాను. ఆయన దగ్గర ఆ బండి నిక్షేపంలా నడుస్తోంది. తప్పు బండిది కాదు, నేను దాన్ని తిప్పిన చోటుది. మీ బావగారు ఏ ఊళ్లో ఉంటారో మీరు రాయలేదు. కరీంనగర్ నుంచి రోజూ వచ్చిపోయే మనిషైతే ఆయన లెక్క ఆయనకు సరే.

సీఎన్‌జీ అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కిలో 96 రూపాయలు అనుకుని, ఊళ్లో కిలోకు 24 కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి 750 కిలోలు, 72,000 రూపాయలు. 15 మైలేజీ పెట్రోల్‌తో పోలిస్తే 56,400 మిగులు. పెట్రోల్ కారు కంటే ధర 90 వేలో లక్షో ఎక్కువ ఉన్నా రెండేళ్లలో వచ్చేస్తుంది. మరి ఇబ్బంది ఎక్కడంటే, 60 లీటర్ల సిలిండరులో నిజానికి పట్టేది 8, 9 కిలోల గ్యాసు. మీ దారిలో మూడు రోజులకోసారి బంకుకు వెళ్లాలి. అక్కడ వరుస ఉంటుంది. గంటన్నర ట్రాఫిక్‌లో నలిగి, ఇంటికి చేరేముందు ఆటోల వెనుక ఇంకో అరగంట నిలబడటం మీకు సరేనా? కొందరికి సరే. పొద్దున్న ఆరు గంటలకు లేచి ఖాళీగా ఉన్నప్పుడు నింపుకొస్తారు. సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలని కూడా గుర్తుంచుకోండి. ఒకే పెద్ద సిలిండరు ఉన్న కార్లలో డిక్కీ దాదాపు మాయమవుతుంది. అమ్మగారికి ముందు ముందు చక్రాల కుర్చీ అవసరం పడితే పెట్టడానికి చోటుండదు. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున పడుకోబెట్టే పద్ధతి తెచ్చారు, 2023లో ఆల్ట్రోజ్‌తో. హ్యుందాయ్ కూడా ఎక్స్‌టర్‌లో అలాంటిదే పెట్టింది. సీఎన్‌జీ, క్లచ్ లేని గేరు రెండూ కలిపి కావాలంటే టాటా టియాగోలో ఆ ఏర్పాటు 2024 నుంచి ఉంది. బయట కిట్టు బిగించుకునే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

క్లచ్ లేని కార్లన్నీ ఒకటే అనుకుంటారు చాలామంది. మీ ధరలో దొరికేది ఎక్కువగా ఏఎంటీ. ఇది లోపల మామూలు గేర్‌బాక్సే. మీ కాలు, చేయి చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. మాన్యువల్ కంటే సుమారు 50 వేలు ఎక్కువ, మైలేజీ మాత్రం తగ్గదు. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు బండి క్షణం తటపటాయించి తల ముందుకు ఊగుతుంది. దీన్ని చూసే కొందరు ఏఎంటీని తిడతారు. గేరు మారబోతోందని అనిపించినప్పుడు యాక్సిలరేటర్ మీద పాదాన్ని వెంట్రుకవాసి వదిలితే ఆ ఊపు సగం పోతుంది, వారంలో అలవాటవుతుంది. ఒకే ఒక జాగ్రత్త. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు తొక్కి నిలపండి. యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా నొక్కుతూ బండిని ఏటవాలులో ఆపితే లోపల క్లచ్ ప్లేటు రాసుకుంటూనే ఉంటుంది. కాసేపటికి గోనెపట్టా కాలిన వాసన వస్తుంది. ఆ వాసన రెండుసార్లు వచ్చిందంటే బిల్లుకు సిద్ధపడాల్సిందే.

గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ అనే రకం ఇంకా సుఖం. గేర్లు మారుతున్నట్టే తెలియదు, వెన్నలా జారుతుంది. హోండా అమేజ్ సీవీటీకి ప్రకటించిన మైలేజీ 19.46, మీ దారిలో అంతకంటే బాగా తక్కువే చూస్తారు. పన్నులు కలిపితే మీ బడ్జెట్‌కు కాస్త పైన పడుతుంది. పాత కారైనా పరవాలేదంటే 2023లో ఆగిపోయిన హోండా జాజ్ సీవీటీ మంచి స్థితిలో దొరికినప్పుడు వదలకండి. నడిపేవాడి ఒంటికి అంత తేలికైన చిన్న కారును నేను ఎక్కువ చూడలేదు. డ్యుయల్ క్లచ్ అనే రకం హైవే మీద అద్భుతం, అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో అందులో పొడి క్లచ్‌ల రకం వేడెక్కుతుంది. అది మీకొద్దు. పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్ల సంగతి రెండు ముక్కల్లో: మీలాంటి దారికి వాటిని మించినవి లేవు, ఎందుకంటే ఆగి కదిలే చోటే బ్యాటరీ ఎక్కువ పని చేస్తుంది. కానీ గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటివి మీ బడ్జెట్‌కు దాదాపు రెట్టింపు.

ఇక అసలు మాట. మీ సెల్లార్‌లో మీకు కేటాయించిన చోట కరెంటు సాకెట్ పెట్టుకోనిస్తారా? మొత్తం జవాబు దీని మీదే ఆధారపడి ఉంది. రోజుకు 60 కిలోమీటర్లు, రాత్రికి తప్పకుండా ఇంటికి చేరే బండి, ట్రాఫిక్‌లో ఆగి కదిలే దారి. ఎలక్ట్రిక్ కారు ఇలాంటివాళ్ల కోసమే. క్లచ్ లేదు, గేర్లు లేవు, ఆగినప్పుడు ఇంధనం తగలబెట్టదు. బ్రేకు మీద కాలు వేసే పని కూడా తగ్గుతుంది, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలితే చాలు, మోటారు వెనక్కి కరెంటు పుట్టిస్తూ బండిని నెమ్మదింపజేస్తుంది. ఛార్జింగులో పోయేది కూడా కలుపుకుని యూనిట్‌కు 7 కిలోమీటర్లే వేసుకుందాం. ఏడాదికి సుమారు 2,570 యూనిట్లు. ఇంటి కరెంటు పై శ్లాబు పట్టుకుని యూనిట్ 10 రూపాయలు అనుకున్నా 25,700 రూపాయలు. పెట్రోల్ లెక్కతో పోల్చి చూడండి, ఏడాదికి లక్ష మిగులు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబర్ 31 దాకా మినహాయించారు. పెట్రోల్ చిన్న కార్ల మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి కొనే ధరలో తేడా మళ్లీ కొంత పెరిగింది, అది నిజమే. అయినా నెలకు 1320 కిలోమీటర్లు తిరిగేవాడికి మూడు నాలుగేళ్లలో సర్దుకుంటుంది.

రోజు వాడకానికి 9 యూనిట్ల లోపే పడుతుంది. ఏసీకి వాడే 15 ఆంపియర్ల మామూలు సాకెట్ నుంచి మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. మీరు నిద్రపోతుండగా అయిపోయే పని. కాకపోతే ఆ సాకెట్‌కు వైరు మీ మీటరు నుంచే రావాలి, మంచి ఎర్తింగ్ ఉండాలి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్ (ఎంసీబీ) విడిగా ఉండాలి. వర్షాకాలంలో సెల్లార్‌లో నీళ్లు నిలుస్తాయేమో వాచ్‌మన్‌ను అడగండి, అపార్ట్‌మెంట్ కమిటీ కంటే అతనే నిజం చెబుతాడు. కమిటీ దగ్గరకు వెళ్లేటప్పుడు ఎలక్ట్రీషియన్ గీసిచ్చిన చిన్న పటం, మీటరు నంబరు, ఖర్చంతా మీదేనన్న ఉత్తరం పట్టుకెళ్లండి. మా అపార్ట్‌మెంట్‌లో ఉత్త నోటిమాటగా అడిగినాయనకు ఏడు నెలలు పట్టింది, కాగితం పట్టుకెళ్లిన ఆవిడకు ఒక్క సమావేశంలో అయిపోయింది. సాకెట్ రాకపోతే మాత్రం, బయట ఫాస్ట్ ఛార్జర్లను నమ్ముకుని ఎలక్ట్రిక్ కొనవద్దు. సీఎన్‌జీ బంకు దగ్గర నిలబడినట్టే అక్కడా నిలబడతారు, ఖర్చూ ఎక్కువే.

పేర్లు చెప్పమంటారా? సాకెట్ వస్తే టియాగో ఈవీలో పెద్ద బ్యాటరీది, 24 యూనిట్లది. లేదంటే బడ్జెట్ కొంచెం సాగదీయగలిగితే టాటాదే పంచ్ ఈవీలో చిన్న బ్యాటరీది. రెండూ మీకు రెండు రోజులకోసారి ఛార్జింగుతో సరిపోతాయి. నేను పంచ్ వైపే మొగ్గుతాను, కారణం కింద చెబుతాను. సాకెట్ రాకపోతే వేగన్‌ఆర్ 1.2 ఏఎంటీ. వంకరటింకర సందుల్లో తిప్పుకోవడానికి, ఎత్తుగా కూర్చుని ముందు దారి చూసుకోవడానికి, సర్వీసింగ్ ఖర్చుకు ఈ ధరలో దాన్ని కొట్టేది లేదు. దాని బలహీనత కూడా చెప్పాలి. 2023లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి చూసినప్పుడు పెద్దల రక్షణలో వేగన్‌ఆర్‌కు అయిదింటికి ఒక్క స్టారే వచ్చింది. ఆ తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు గానీ, పండగకు పబ్బానికి కుటుంబంతో హైవే ఎక్కి సొంతూరు వెళ్లే అలవాటుంటే పంచ్ పెట్రోల్ ఏఎంటీ చూడండి. 2021లో దానికి అయిదు స్టార్లు వచ్చాయి. ఊళ్లో మైలేజీ తక్కువ ఇస్తుంది. 16కు బదులు 13 వచ్చిందనుకుంటే ఏడాదికి సుమారు 27,800 ఎక్కువ ఖర్చు. పిల్లలు వెనుక కూర్చునే కారుకు నేనైతే అది పెడతాను. కొత్త డిజైర్‌కు కూడా అయిదు స్టార్లు ఉన్నాయి, మైలేజీ కూడా బాగుంది, కానీ సీటు కిందికి ఉంటుంది. మీ అమ్మగారి మోకాళ్లు దానికి ఒప్పుకోవు.

అదే కారు, అదే ఇంజిన్, పై మోడల్ తీసుకుంటే సుఖం తగ్గడం కూడా చూశాను. పెద్ద అల్లాయ్ చక్రాలు చూడటానికి బాగుంటాయి. టైరు పక్కగోడ సన్నబడి, ప్రతి గుంత నేరుగా నడుముకు తగులుతుంది. మార్చేటప్పుడు టైరు ధర కూడా ఎక్కువ. ఒక అంగుళం చిన్న చక్రం, కాస్త బొద్దు టైరు ఉన్న మధ్య మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో వెనుక కెమెరా, డ్రైవరు సీటు ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఉండేలా చూసుకోండి. మీ ఆవిడ, మీరు ఒకే ఎత్తు ఉండరు కదా. సన్‌రూఫ్ హైదరాబాద్ ఎండకు నాకు అర్థం కాని వస్తువు. టైర్లలో గాలి, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే కొట్టించండి. పంక్చర్ షాపు కుర్రాడు అలవాటుగా 40 కొడతాడు, బండి బంతిలా ఎగురుతుంది.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం మధ్యాహ్నం చేయకండి. అప్పుడు ఏ కారైనా బాగానే ఉంటుంది. సోమవారం ఉదయం 9 గంటలకు, ఆఫీసుకు వేసుకునే బూట్లతో, ఏసీ వేసి, 40 నిమిషాలు కావాలని గట్టిగా అడగండి. ఇవ్వనంటే ఇంకో షోరూముకు వెళ్లండి. భుజాలు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. వేళ్లు మాత్రమే అందుతుంటే రోజంతా భుజాలు ముందుకు వంగి ఉంటాయి. తొడ కింద సీటు అంచు మోకాలికి రెండు మూడు వేళ్ల దూరం దాకా రావాలి. ఎడమపాదం పెట్టుకోవడానికి పెడల్స్ పక్కన చోటుందా చూడండి. క్లచ్ లేని కారులో ఆ కాలు గంటన్నర ఖాళీగా ఉంటుంది, దానికి ఒక ఇల్లు కావాలి. వెనుక జేబులో పర్సు తీసి పక్కన పెట్టండి, లేకపోతే నడుము నొప్పికి కారును అనవసరంగా అనుమానిస్తారు. ఏఎంటీ అయితే ఇంకో పరీక్ష: సెల్లార్ ర్యాంపు మీద రివర్స్ గేరులో పైకి ఎక్కించి చూడండి. ముందుకు చక్కగా పోయే కొన్ని ఏఎంటీలు ర్యాంపు మీద వెనక్కి ఎక్కమంటే తడబడతాయి. మీ అపార్ట్‌మెంట్‌లో రోజూ అదే చేయాల్సి వస్తే కొన్నాక ఏడ్చి లాభం లేదు.

అమ్మగారిని షోరూముకు తీసుకెళ్లండి. మా అమ్మ మా పాత సెడాన్‌లోకి ఎక్కడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తలుపు పట్టుకుని, వెనక్కి తిరిగి, కిందికి దిగుతూ చివరి జానెడు దూరం దబ్బున పడిపోయేది. దిగడం అంతకంటే కష్టం, రెండు చేతులూ పట్టుకుని లాగాలి. పంచ్ ఎందుకన్నానో ఇప్పుడు చెబుతున్నాను. దాని తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, సీటు ఎత్తుగా ఉంటుంది, మనిషి కూర్చుని రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పుకోవచ్చు. వేగన్‌ఆర్‌లో కూడా ఎక్కడం, దిగడం తేలికే. టియాగో కిందికి ఉంటుంది. నా మాట మీద నిర్ణయించుకోకండి, కొలిచి చూసుకోండి. ఇంట్లో అమ్మగారు చేతి సాయం లేకుండా ఏ కుర్చీలోంచి లేవగలరో, నేల నుంచి దాని ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. షోరూములో ముందు సీటు అంచు ఎత్తు నేల నుంచి అలాగే కొలవండి, ఆవిడ కూర్చున్నప్పుడు దిండు ఎంత అణుగుతుందో కూడా చూసి తగ్గించండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అమ్మగారు ముందు సీటులోనూ, వెనుక సీటులోనూ రెండేసిసార్లు ఎక్కి దిగాకే అడ్వాన్స్ కట్టండి.